నాలుగు నానోసెకన్లు

తార్తూలో డిసెంబరు. మూడింటికే చీకటి.
నది మీద మంచు ఇంకా మనిషిని మోసేంత గట్టిపడలేదు.

కిటికీకి నల్లగుడ్డ కట్టిన గదిలో ఉర్వె
ఒకే సీసాలోని రంగుని
నాలుగు గాజు గొట్టాల్లోకి చుక్కచుక్కగా దించింది.
కనబడీ కనబడని ఊదా దీపం వేసింది.

హెక్సేన్‌లో నిమ్మపండు పసుపు.
అసిటోన్‌లో నారింజ.
ఆల్కహాల్‌లో ఎరుపు, కుంపటి అడుగున మిగిలిన నిప్పులా.
నీళ్ళలో వేస్తే మాత్రం
నీళ్ళు నమిలి ఊరుకుంది.

"ఏ ఎండకా గొడుగన్నమాట," అన్నాను.

"అది మారదు," అంది ఉర్వె,
ముప్ఫై ఏళ్ళుగా ఈ గొట్టాలు కడుగుతున్న మనిషి.
"వెలుగు మింగగానే దానికి తూకం తప్పుతుంది,
ఒక కొసన బరువు, ఒక కొసన వెలితి.
చుట్టూ ఉన్నవి చూసి
కాస్త తల తిప్పి, మోకాలు ముడిచి చోటిస్తాయి.
ఆ చోట్లోకి కొంచెం దిగి, కుదురుకుని
అప్పుడు వెలుగుతుంది. ఎరుపంటే అదే.
నాలుగు నానోసెకన్ల పని."

ఎర్ర గొట్టాన్ని పటకారుతో పట్టి
ద్రవ నైట్రోజన్‌లో ముంచింది.
బుస్సుమని తెల్లటి పొగ.
ఆల్కహాల్ గాజులా బిగిసింది.
ఎరుపు లేదు. పసుపు! కళ్ళు చెదిరేలా.

"ఇప్పుడు ఎవరూ కదల్లేరు," అంది.
"దిగడానికి చోటేదీ?"

ఎండెల్‌ని పూడ్చి వచ్చిన సోమవారం
ఆమె టీ గదిలోకి అడుగుపెట్టినప్పుడు
మేం ఆరుగురం ఉన్నాం.
కప్పుల్లో చెంచాలు ఆగిపోయాయి.
గడగడలాడే సెంట్రిఫ్యూజు మీద ఆమె ఏదో జోకు వేసి
పగలబడి నవ్వింది, మునుపెన్నడూ లేనంతగా.
గట్టి మనిషి, అనుకున్నాం.
రొట్టె మీద వెన్న రాసుకున్నాం.

గొట్టాన్ని తీసి స్టాండులో నిలబెట్టింది.
పైన పేరుకున్న మంచు అంచుల నుంచి కరుగుతోంది.
పసుపులోకి ఎక్కడో ఓ మూల
నారింజ జీర.

నా పక్క స్టూలు మీద
చేతి తొడుగుల డబ్బా, నా కోటు,
ఎవరిదో పాత నోటుపుస్తకం.
తీసి కింద పెట్టాను.
స్టూలు ఆమె వైపు జరిపాను. కీచుమంది.

ఆమె కూర్చున్న చప్పుడు.
తర్వాత చాలాసేపు ఫ్రిజ్ మోటారు తప్ప ఏమీ లేదు.

"ఆయన బూట్లు ఇంకా గుమ్మంలోనే ఉన్నాయి," అంది.
"రోజూ తుడుస్తున్నాను."

గొట్టం ఎప్పుడు ఎర్రబడిందో
నేను చూడలేదు.