ముప్ఫై ఒకటో నంబరు సీసా

టొపీకా ఆసుపత్రిలో
మిగిలిన గుళికలు లెక్కపెట్టడం నా పని.
ముప్ఫై ఒకటి ఓరిన్‌ది, ముప్ఫై రెండు డ్వేన్‌ది.
దేంట్లో మందుందో, దేంట్లో వట్టి బియ్యప్పిండో
నాకూ తెలీదు, డాక్టరుకూ తెలీదు.

"అలసట పదికెంత?"
"ఉత్తరాల డబ్బా దాకా వెళ్లి
మధ్యలో కూలబడకుండా వచ్చాను. అదెంత?"

నాలుగు ఎక్కువొచ్చాయి. మళ్లీ పోశాను బల్లమీద.
ఓరిన్ నవ్వాడు:
"రెండు సీసాలూ ఒకే గిన్నెలో వొంపేశాం.
కువైట్ ఇసుకలో ఒకే బుడ్డిలో నీళ్లు తాగినోళ్లం.
అసలుది ఎవరికొచ్చినా
చెరిసగం."

కాగితం మీద నియమభంగానికి ఒక గడి ఉంది.
పెన్ను మూత తీశాను.

డ్వేన్ తలుపు నెట్టుకొచ్చాడు
రొప్పుతూ, చొక్కా తడిసి.
లిఫ్టు పాడైందా అన్నాను.
లేదట.
ఎన్నాళ్లయిందో,
మెట్లెక్కి చూద్దామనిపించిందట.