చెక్ ట్రే

పదకొండో నెల.
పొడుగు పుస్తకంలో అరవై మూడో వరుస గీశాను:
తారీఖు, కంపెనీ, ఎవరితో మాట్లాడాను, ఏమన్నారు.
చివరి గడి చాలా చోట్ల ఖాళీ.
ఖాళీ కూడా ఒక జవాబేనని
తెలియడానికి ఆర్నెల్లు పట్టింది.

రొయ్యల ఫ్యాక్టరీ మూసేసిన రోజు
తెల్ల గమ్ బూట్లు నన్నే పట్టుకుపొమ్మన్నారు.
వాటిల్లో మా వదిన కొత్తిమీర వేసింది.
ఒకదాంట్లో మొలిచింది.
రెండోదాని సంగతి అడక్కండి.

మొదట్లో రోజుకి నలభైసార్లు ఫోను తీసేవాణ్ణి,
ముద్దకీ ముద్దకీ మధ్య,
పాలకొల్లు గేటు దగ్గర రైలు పోయేదాకా,
అర్ధరాత్రి దోమతెరలో.
ఆ వెలుగుకి పురుగులొచ్చి వాలేవి.
వచ్చినవి అవే.

సువర్ణరాజు చెరువుగట్టు మీదికి రమ్మన్నాడు,
కాపలాకి తోడు. టీ ఖర్చు అతనిది.
ఏరేటర్లు చీకటిని చిలుకుతుంటే
మేత చల్లాడు, చెక్ ట్రే దింపాడు,
తువ్వాలు పరుచుకుని నడుం వాల్చాడు.
"చూడవా?" అన్నాను.
"రెండు గంటలాగాలి. ఊరికూరికే ఎత్తితే
రొయ్య బెదురుద్ది, మేత ఒలికిపోద్ది,
నీకు తెలిసేది మాత్రం ఏం ఉండదు."
వేళకి లేచి ఎత్తాడు. సగం మేత మిగిలే ఉంది.
తిట్టుకోలేదు. పుస్తకంలో రాసుకుని
తర్వాతి పూట మేత తగ్గించాడు. అంతే.

మర్నాటి నుంచి పొద్దున పదింటికి, సాయంత్రం అయిదింటికి
ఫోనులో ఉత్తరాలు చూస్తాను.
మూడో రోజు పన్నెండింటికి చూసేశాను. నాలుగో రోజూ.
అయిదో రోజు నుంచి మళ్ళీ పదీ, అయిదూ.

జిరాక్సు షాపు వీరవేణిని బయోడేటా
ఇరవై కాపీలడిగితే రెండే తీసిచ్చింది.
"ఇరవై మందికీ ఒకే శుభలేఖా అబ్బాయ్?
మేత కంపెనీకి ల్యాబు పని పైన రాయి.
ఐసు ప్లాంటుకి షిఫ్టులు నడిపింది పైన రాయి.
అబద్ధం వద్దు, వరస మార్చు.
ఆయ్, ముప్పై ఆరు రూపాయలు నష్టం నాకే."

కాకినాడలో ఒకాయన అడిగాడు:
"ఈ పదకొండు నెలలూ ఏం చేశారు?"
ఏదో నసిగాను. సరైన జవాబు
తిరుగు బస్సులో, చించినాడ వంతెన నడిమధ్యన,
కింద వశిష్ఠ కనబడుతుండగా వచ్చింది.
టికెట్టు వెనక రాసుకున్నాను.
ఆ రాత్రి చెరువుకి వినిపించాను.
"బానే ఉంది గానీ
'అంటే' అని తొమ్మిదిసార్లన్నావ్," అన్నాడు సువర్ణరాజు
కళ్ళు తెరవకుండానే.

ఊళ్ళో అడుగుతూనే ఉంటారు, ఏం చేస్తన్నావని.
ఆ మాట తప్పించుకోడానికి సందులు మార్చేవాణ్ణి.
టీ కొట్టు, మంగలి షాపు, చేపల రేవు,
చివరికి ఊళ్ళో నాకు మిగిలినవి సందులే.
మొన్న నిలబడి చెప్పాను:
"పని వెతుకుతున్నానండి. మీకు తెలిసిన
మేత కంపెనీ ఏదైనా ఉందా?"
అడిగినాయనే తడబడ్డాడు.
చెప్పులో కాలు సర్దుకుని
"మా తోడల్లుడు ఆకివీడులో..." అంటూ నంబరిచ్చాడు.
అరవై నాలుగో వరుస.

కాలవకి నీళ్ళొదిలారని కబురు.
ఇంకా మార్టేరు దాటలేదట.
శివారులో బోదె పూడిక తీతకి నన్నూ పిలిచారు.
రోజుకి ఏడొందలు, మధ్యాహ్నం గంజి.
ఒంటిగంట దాకా నాకు వేరే పనుందన్నాను.
నవ్వుతారనుకున్నాను.
"అయితే ఒంటిగంటకే రా,
పార నీదే తెచ్చుకో," అన్నారు.

పది కావడానికి ఇంకా పావుగంట ఉంది.
కొత్తిమీరకి నీళ్ళు పోస్తున్నాను,
రెండో బూటుకి కూడా.