వెన్ను చూపడం

కాగితంలో జాతి అన్నచోట
సగం గొర్రెలకాపరి కుక్క అని రాశారు.
మిగతా సగానికి ఒక ప్రశ్నార్థకం.
కింద, వేరే సిరాతో: బాగా భయస్తురాలు.

కొండమీద ఎవరిదో కొట్టంలో
ఎరువుల సంచిలో దొరికిందట.
గొర్రెల్ని చూపిస్తే
గొర్రెలకన్నా ముందు పారిపోయిందట.

బెతెస్డాలో ఆ రోజు వాన అడ్డంగా కొడుతోంది.
టెగ్వెన్ దాన్ని కోటు లోపల దాచుకుని తెచ్చింది.
ఈ వయసులో కొరివితో తల గోక్కోవడమే అన్నాను.
ఆమె కోటు గుండీలు విప్పుతూనే ఉంది.
ఒక కన్ను నీలం, ఒక కన్ను గోధుమ,
లేచిన చెవి ఒకటి, లేవాలా వద్దా అనే చెవి ఒకటి
కనబడీ కనబడకుండానే
బట్టలుతికే యంత్రం వెనక మాయమయ్యాయి.

మూడు రోజులు.
గిన్నెలో పెట్టింది తెల్లారేసరికి ఖాళీ,
తిన్నవాళ్లు మాత్రం ఇంట్లో లేనట్టే.
కెటిల్ కూస్తే వణుకు. గొడుగు తెరిస్తే వణుకు.
నా దగ్గుకి నేల తడిపేసింది.
నలభై ఏళ్ల పొగాకు దగ్గు, ఎక్కడ దాచను?
పెరట్లోకి పోయి దగ్గి రావడం నేర్చుకున్నాను.

ఆశ్రమం పిల్ల ఫోన్‌లో చెప్పింది:
కళ్లలోకి చూడకండి. చెయ్యి చాపకండి.
అటు తిరిగి, వీపు పెట్టి కూర్చోండి, చాలు.

వీపా?
ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి.
జనానికి నేను చూపించింది వీపే.
పసిపిల్లల తల్లులు, శనివారం రాత్రి తాగుబోతులు,
పరీక్షకు ఆలస్యమైన కుర్రాళ్లు,
అందరూ నా వీపును నమ్మే
మంచులో ఆ మలుపులు దిగారు.
వెన్ను చూపడం పిరికితనమని ఎవరన్నారో గానీ
వాళ్లెప్పుడూ బస్సెక్కి ఉండరు.

వంటింటి నేలమీద చతికిలబడ్డాను.
మోకాళ్లు నాకన్నా ముందు మూలిగాయి.
ఏం మాట్లాడాలో తోచక
పాత దారి మొదలుపెట్టాను, గొంతు తగ్గించి:
బెతెస్డా... ట్రెగార్త్... బాంగోర్ గడియారం...
ఎక్కేవాళ్లు ఎక్కండి, తొందరేం లేదు.
మళ్లీ వెనక్కి. మళ్లీ ముందుకి.
ఖాళీ బండి, సమయానికి.

నాలుగో రాత్రి, ట్రెగార్త్ దాటాక,
నడుము దగ్గర చొక్కామీద
తడిగా, చల్లగా, బఠాణీ గింజంత.

మెడ తిరగబోయింది.
అద్దంలో చూసుకునే అలవాటు అంత తేలిగ్గా పోదు.
తిప్పలేదు.
బాంగోర్ గడియారం అన్నాను.
గొంతు కాస్త బొంగురుపోయింది, అంతే.

పుట్ అని పేరు పెట్టింది టెగ్వెన్.
మా భాషలో, చిన్న ముక్క.

ఇక ఇది చెప్పాలా వద్దా అనుకున్నాను.
మా ఇంట్లో సాయంత్రాలు రెండుండేవి.
వంటింట్లో ఆమెదీ ఆమె రేడియోదీ ఒకటి,
ముందుగదిలో నాదొకటి.
తగువేం లేదు. ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తు లేదు.

పుట్‌కి మాత్రం పొసగలేదు.
ఆమె కాళ్ల దగ్గర నిమిషం, నా కాళ్ల దగ్గర నిమిషం,
నడవలో గోళ్ల చప్పుడు,
రెండే గొర్రెలున్న మంద, అదీ చెదిరిపోయిన మంద,
దానికి కునుకెలా పడుతుంది?
అలిసిపోయి నడవ మధ్యలో కూలబడేది,
తల అటు, తోక ఇటు.

వారం చూశాను.
ఎనిమిదో రోజు కుర్చీ ఎత్తుకుని వంటింట్లోకి నడిచాను.
కుక్క కోసం, అన్నాను.
అవును, కుక్క కోసమే, అంది టెగ్వెన్,
రేడియో గొంతు తగ్గిస్తూ.
పుట్ మా చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, లెక్క చూసుకుని,
దబ్బున పడి గురక పెట్టింది.

ముందుగది తివాచీమీద
కుర్చీ కాళ్ల గుంటలు నాలుగు, ఇంకా ఉన్నాయి.
టెగ్వెన్ బ్రష్‌తో దువ్వుతుంది. లేవవు.
చీపురు తీస్తే మాత్రం
పుట్ ఇప్పటికీ యంత్రం వెనకే.
నేను వెళ్లి అటు తిరిగి కూర్చుంటాను.
ట్రెగార్త్ దాకా చాలు, ఈ మధ్య.