నలభై రెండు గడులు

అట్టపెట్టెలోంచి తీసినప్పుడు ఆ టాబ్ గొంతు
వార్తలు చదివే అమ్మాయిది.
"నాకు త్రాగునీరు కావలెను" అంది.
మా కంచరపాలెం ఇంట్లో అంత మర్యాదగా
ఎవరం ఎప్పుడూ నీళ్లు అడగలేదు.
పైడిరాజు ఒక్కసారి నొక్కి
దాన్ని తిప్పి, వెనకాల ఎవరున్నారో చూశాడు.

ఆ ఆదివారం తలుపులేసి, ఫ్యాను ఆపి
నూకరత్నం గడి గడికీ తన గొంతు పోసింది.
"మంచినీళ్లు." "ఆకలేస్తంది." "బేగి రా."
"కడుపులో నొప్పి." "ఓడ."
రైలు అడ్డొస్తే ఆగి, అది పోయాక మళ్లీ మొదలెట్టి
నలభై రెండు మాటలు.
షిప్‌యార్డులో గ్రైండరు మోతకి మాకిచ్చే చెవి డిప్పలు
కుక్కరు కూసే వేళకి వాడికి తగిలించేవాణ్ణి.
నా వంతు సాయం అంతే అనుకున్నాను.

ఇప్పుడు ఇరవయ్యెనిమిది నెంబరు బస్సులో
కండక్టరు "ఎక్కడికి?" అంటే
పదకొండేళ్లవాడు వాళ్లమ్మ గొంతుతో "బీచి" అంటాడు.
వెనక సీటువాళ్లు నవ్వుతారు. నవ్వనీ.
ఇసకలో కూర్చున్నాక వాడు కెరటాల్ని చూడడు,
డాల్ఫిన్ నోస్ పక్కనుంచి లోపలికొచ్చే ఓడనే చూస్తాడు.
అది కనుమరుగయ్యాక "ఇంకా" నొక్కుతాడు.
ఇంకోటి ఎప్పుడొస్తుందో
ఇరవయ్యేళ్లు ఓడలకి అతుకులేసినా నాకేం తెలుసు?
ఇద్దరం కూర్చుంటాం.

మొన్న రాత్రి
ఓవర్‌టైం డబ్బులు పడలేదు, గ్యాసు అయిపోయింది,
నేను గొంతు పెంచాను.
ఎప్పటిలాగే పెంచాను.
ఆవిడ ఎప్పటిలాగే గిన్నెలవైపు తిరిగింది.
పైడిరాజు మాత్రం చెవి డిప్పలు వెతుక్కోలేదు.
మంచమ్మీద కూర్చుని
వేలితో అటూ ఇటూ తడిమి, నొక్కాడు.

"సాలు."

ఆవిడ గొంతే.
ఆవిడ నోరు మాత్రం మూసే ఉంది.
మళ్లీ నొక్కాడు.
"సాలు. ఆపండి."

మా ఇంట్లో పిల్లలు నాన్నని అండీ అనరు.

పదమూడేళ్ల కాపురంలో
నాతో ఒక్కసారీ అనని మాట
అంత తిన్నగా, వణుకు లేకుండా
ఆ ఆదివారం తలుపులేసుకుని
ఏ మూల గడిలో పెట్టిందో,
ఎవరి కోసం పెట్టిందో.

నేను అడగలేదు.
గిన్నెల చప్పుడు కూడా ఆగింది.
టాబ్ తెర మసకబారి
ఎర్రగా నాలుగు శాతం అని చూపించింది.
ఛార్జరు కోసం మంచం కిందకి దూరాను.
అక్కణ్ణుంచి వాడి పాదాలు రెండే కనిపించాయి,
ఊగుతూ.