ఏడో గడి

వోరు పట్టణం, మార్చి నెల.
మంచు కరిగీ కరగక రోడ్డంతా బూడిదరంగు జావ.
ఆ జావ నా బూట్లలోకి దిగింది.
సంచిలో ఫైలు: అర్జీ నంబరు నూట పద్నాలుగు.
రక్షణ సామగ్రి చేసే చిన్న సంస్థలకు ప్రభుత్వ పెట్టుబడి.
అడిగింది మూడు లక్షల నలభై వేల యూరోలు.
పనివాళ్ళు ఆరుగురు.
కుక్క లెక్కలో లేదు.

లేలో కంగుర్ తలుపు తీసి
ముందు నా కాళ్ళకేసి చూసింది, తర్వాత ముఖంకేసి.
"బూట్లు కొలిమి పక్కన పెట్టండి.
డబ్బు సంగతి అవి ఆరాక."

అలా ప్రభుత్వం
తడి మేజోళ్ళతో షెడ్డులోకి నడిచింది.

స్ప్రింగులు.
పిల్లల బండికి, అకార్డియన్ మీటలకు, చర్చి వెనక తలుపుకు,
ముఖ్యంగా ఎలుకల ఉచ్చులకు.
నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లో అన్నం ఉడికింది
ఊళ్ళో ఎలుకల పుణ్యమాని.

పోయినేడు ఒకాయన కాగితం తెచ్చాడట.
దానిమీద పేరు లేదు, ఊరు లేదు, అన్నీ అంకెలే.
రెండు చేతుల స్ప్రింగు, తొమ్మిది చుట్లు,
వెంట్రుకలో నాలుగో వంతు తేడా వస్తే పారేయాలి.
"దేనికి?" అని ఈవిడ అడిగితే
"ఎప్పటికి?" అని ఆయన అడిగాడట.

చుట్టే యంత్రం నాకంటే పెద్దది.
దాని పక్కన టైవో, చెవుల్లో దూది,
ప్రతి స్ప్రింగునూ కొలిచి
నూటికి పదకొండు పక్కన పడేస్తున్నాడు.
మరి ఆ పదకొండూ?
"ఉచ్చుల్లోకి పోతాయి" అన్నాడు నవ్వకుండా,
"ఈమధ్య మా ఊరి ఎలుకలు
నాటో ప్రమాణాలతో చస్తున్నాయి."

కొత్త కొలిమి వస్తే పదకొండు రెండవుతుంది.
అదీ అర్జీ, అంతే అర్జీ.

నేను షరతులు చదివాను.
నాలుగో వంతు వాటా, ఏడేళ్ళ గడువు,
బోర్డులో మా మనిషికి ఒక కుర్చీ.
ఆవిడ షెడ్డంతా ఒకసారి కలయజూసింది.
"నాలుగో వంతంటే ఏ మూల?
కుక్క పడుకునే మూల ఇస్తాను, వెచ్చగా ఉంటుంది.
శనివారం ఇనప రజను ఊడ్చేటప్పుడు
మీ కుర్చీ కూడా లేవాలి మరి."

నవ్వొచ్చింది. రాసుకోలేదు.

అసలు నేను వచ్చింది ఏడో గడి కోసం.
తుది వినియోగం. ఖాళీగా వదిలేసింది.
"మీరే రాయండి, ప్రభుత్వం కదా, మీకు తెలుసుగా."
తెలియదు.
నా బల్ల దగ్గర్నుంచి మూడు తలుపులు దాటితే
ఆ కాగితం రహస్యమైపోతుంది,
నా చేతిలో తాళం ఒక్క తలుపుకే.
సరిహద్దు ఇక్కణ్ణుంచి బస్సులో గంట.
టైవో కొడుకు అక్కడే కాపలా.
ఆ సంగతి అర్జీలో లేదు,
దానికి గడి లేదు.

చాలాసేపు యంత్రమే మాట్లాడింది.
చివరికి ఆవిడ చేయి తుడుచుకుని, కలం తీసుకుని
నూనె వేలిముద్రతో సహా రాసింది:
"బిగబట్టి ఉండటం.
వదలమన్నప్పుడు వదలడం.
వదలమనేది నేను కాదు."

మూడో వాక్యం నిబంధనలకు ఒప్పదు.
కొట్టేయమని చెప్పడానికి నోరు తెరిచి
బూట్లు ఆరాయా అని అడిగాను.

ఆరాయి. బిర్రబిగుసుకుపోయాయి.
గుమ్మం దగ్గర ఒక ఎలుకల ఉచ్చు చేతిలో పెట్టింది.
"మీ ఆఫీసులో అర్జీలు కొరికేవి ఉంటాయట కదా."

టాలిన్ చేరాక నిబంధన ప్రకారం
కానుకల రిజిస్టరులో ఎక్కించాను.
ఇచ్చినవారు, తేదీ, విలువ మూడు యూరోల నలభై.
ఆ పుస్తకంలోనూ ఉందొక గడి, వినియోగం అని.
దాన్ని ఖాళీగా వదిలి
ఉచ్చును సొరుగులో పెట్టాను, బిగించకుండానే.

అయినా సంతకం కలం కోసం ఆ సొరుగు లాగినప్పుడల్లా
నా వేళ్ళు
కాస్త నెమ్మదిస్తాయి.