కుక్క పన్ను

కాట్‌బుస్ పురపాలక పన్నుల శాఖ వారికి
వ్రాయునది ఏమనగా —
మీ మూడో నోటీసు అందింది.
మొదటి రెండూ కూడా అందాయి, అబద్ధమాడను.
ఒకదాని వెనక బంగాళాదుంపల లెక్క రాసుకున్నాను.

బాకీ తొంభై యూరోలు, ఆలస్య రుసుము ఐదు.
కాదనను.
మీ కాగితంలో నంబరే ఉంది గానీ
దాని పేరు ఫిప్స్. ఒక చెవి మడత.

నవంబరులో పోయింది.
ఆ ముక్క రాసిస్తే పన్ను రద్దవుతుందట,
ఎదురింటి హెర్ బుడిష్ చెప్పాడు.
ఫారం కూడా తెచ్చిచ్చాడు, పాపం.
జాతి, వయసు, ఎత్తు నింపాను.
రంగు దగ్గర కలం ఆగింది:
తడిస్తే ఒకటి, ఎండలో ఒకటి,
మంచంకింద దాక్కుంటే అసలు రంగే లేదు.

అన్నిటికన్నా అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో:
మెడబిళ్ల తిరిగి జతపరచవలెను.

ఆ రేకుబిళ్ల
ఇప్పుడు నా తాళంచెవుల గుత్తికుంది.
మెట్లెక్కుతుంటే గలగలమంటుంది,
మూడో అంతస్తు దాకా
నాకంటే ఒక మెట్టు ముందే.

అందుచేత, అయ్యా,
తొంభై ఐదూ ఇందుతో పంపుతున్నాను.
ఫారం నా దగ్గరే ఉంచుకున్నాను.
వచ్చే ఏడాదికీ నోటీసు పంపండి.
ఈసారి
మొదటిదానికే కడతాను.

ఇట్లు,
రోస్విత ష్రామ్