వెనక గేటు మీటరు

పదకొండేళ్ళుగా ఈ హోటల్‌కి వస్తున్నాను,
ఎప్పుడూ వెనక గేటు నుంచే.
చెత్త డబ్బాల పక్కన ఇనప మూత ఎత్తి
మోకాళ్ళ మీద కూచుని
టార్చి వేసి అంకెలు రాసుకు పోతాను.
ఈ భవనం నెలకి ఎంత తాగుతుందో
దీని యజమానికన్నా నాకే బాగా తెలుసు.

పోయిన నెల మాత్రం ముందు గేటు.
నీటి బాకీల వసూళ్ళలో
అడిస్ అబాబా మొత్తానికీ మా శాఖే మొదటిదని
పెద్దాఫీసు వాళ్ళు పెట్టిన విందు.
పద్నాలుగు మందిమి, ఇస్త్రీ చొక్కాలతో
గిర్రున తిరిగే తలుపు ముందు తెల్లమొహాలు వేశాం.
గిర్మాచెవ్ రెండు చుట్లు తిరిగి
మళ్ళీ వీధిలోనే తేలాడు.

లోపల, అబ్బ, ఏం చెప్పను!
మంచుగడ్డతో చెక్కిన సింహం
వంటకాల వైపు చూస్తూ
బొట్టు బొట్టుగా చొంగ కారుస్తోంది.
కింద పళ్ళెంలో ఎన్ని లీటర్లు పడ్డాయో
ముందు అదే లెక్కేశాను. పాడు ఉద్యోగం.

శుక్రవారం కదా, ఉపవాసాల వాళ్ళకి వేరే బల్ల.
ఉపవాసమంటే అలా ఉండాలి!
మూడు రంగుల్లో పప్పు,
మట్టిపిడతలో బుడబుడలాడే షీరో,
నూనెలో మగ్గిన క్యాబేజీ, ఆకుకూర,
ఒంటి నిండా కళ్ళున్న ఇంజెరా
చేతిరుమాళ్ళలా చుట్టి పేర్చి.
మాంసం ఎవరు కోశారని అడిగి
జవాబు నచ్చక సెయిద్ చేపల వైపు నడిచాడు.
గిర్మాచెవ్ పప్పు వేసుకుంటూనే
కోడిపులుసు గిన్నెని
విడిపోయిన భార్యని చూసినట్టు చూశాడు.
ఆస్కలే ముందు కేకు తింది, తర్వాత సూపు.
"ఈ వరస ఎవడు పెట్టాడు?" అంది.

మా పేటకి నీళ్ళు మంగళవారం, శనివారం రాత్రి.
కుళాయి మూలిగిందంటే
బిందె, బకెట్, చెంబు, ఆఖరికి గరిటె కూడా నింపుతాం.
పళ్ళెం కూడా అలాగే నింపాను,
దొరికిందంతా, దొరికినప్పుడే.
మాంసం మీద పుచ్చకాయ, పుచ్చకాయ మీద చేప.

కాసేపు ఫోర్కులతో మర్యాదగానే నెట్టుకొచ్చాం.
ఉన్నట్టుండి ఆస్కలే లేచింది,
వేళ్ళతో ఇంత లావు ముద్ద చుట్టి
డైరెక్టరు గారి నోటి ముందు పెట్టింది. గుర్షా!
నోటి ముందుకొచ్చిన ముద్దని వద్దనడం
మా దేశంలో లేదు.
ఆయన నోరు తెరిచాడు, షీరో టై మీద జారింది.
ఆ తర్వాత ఎవరి పళ్ళెం ఎవరిదో
ఎవరి చెయ్యి ఎవరి నోట్లో ఉందో తెలీదు.

పళ్ళేలు తియ్యడానికి జెనెబెచ్ వచ్చింది.
'కురిసింది' అని ఆ పేరుకి అర్థం.
నెలనెలా వంటింటి ఆవిరిలోంచి బయటికొచ్చి
వెనక గేటు దగ్గర నాకు టీ ఇచ్చే మనిషి.
తెల్ల చేతితొడుగులతో, ఎరగనట్టే నిలబడి
"అయిపోయిందా అయ్యగారూ?" అంది.
అయ్యగారు!
నోట్లో కేకు అటూ పోలేదు, ఇటూ రాలేదు.
మిగతా సగం అలాగే అందించాను.

ఇవాళ మళ్ళీ మూత ఎత్తాను.
మా పద్నాలుగు పళ్ళేలు, కరిగిన సింహం,
డైరెక్టరు గారు టై కడుక్కున్న నీళ్ళు
ఈ అంకెల్లోనే ఎక్కడో ఉండాలి.
చూస్తే, అంతకుముందు నెలకన్నా
మూడు ఘనపు మీటర్లు తక్కువే.

జెనెబెచ్ టీ తెచ్చింది.
"సగం కేకు వదిలేశావు" అంది.
"మేనేజరు చూడకపోతే తినేదాన్ని.
చూశాడు. పారేశాను."
కోపంగా కాదు, రీడింగు చదివినట్టు చెప్పింది.
కాసేపాగి,
"మళ్ళీ ముందు గేటు నుంచి రాకు.
అక్కడ నీకు టీ ఇవ్వడం నాకు కుదరదు."

గోడ పక్క కుళాయి కింద గ్లాసు నేనే కడిగాను.
మూత ఇంకా తెరిచే ఉంది.
ముల్లు
వెంట్రుకవాసి కదిలింది.